పూల్ మరకకు విటమిన్ సి గోలీ

పోయిన ఎండాకాలం ధర్మసాగర్ దగ్గర ఫామ్‌హౌస్‌లో మా బావ చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించారు. 40 వేల లీటర్లు పడుతుంది. బోరు నీళ్లతో నింపితే అడుగు దాకా అద్దంలా కనిపించింది. సాయంత్రం బ్లీచింగ్ పౌడర్ కలిపారు. పొద్దున లేచి చూస్తే నీళ్లు పలుచని టీ రంగులో ఉన్నాయి. వారం తిరిగేసరికి తెల్ల సిమెంటు పూత పూసిన మెట్ల నిండా ఎర్రమట్టి రంగు మరకలు. బావకు ఒకటే టెన్షన్. పూల్ చూసుకునే అతను "నాచు పట్టింది సార్" అని ఇంకో 2 కిలోల బ్లీచింగ్ వేశాడు. మరక ఇంకా ముదిరింది.

అది నాచు కాదు, ఇనుము. భూమి లోపల గాలి ఆడదు కాబట్టి బోరు నీళ్లలో ఇనుము రంగు లేకుండా కరిగి ఉంటుంది. పైకొచ్చి ఆక్సిజన్ తగిలాక తుప్పుగా మారి అడుగుకు దిగుతుంది. బోరు నీళ్లు పట్టే బకెట్లు ఎర్రబడేది ఇందుకే. గాలి నెమ్మదిగా చేసే ఈ పనిని క్లోరిన్ చాలా త్వరగా చేసేస్తుంది. ఆకు మరకను పోగొట్టే మందే ఇనుము మరకను పెంచుతుంది. అందుకే మరక దేనిదో తేల్చుకోకుండా పూల్‌లో ఏదీ పోయకూడదని నేను గట్టిగా చెబుతాను.

తేల్చుకోవడం కష్టమేం కాదు. హన్మకొండలో మెడికల్ షాపు నుంచి 500 మిల్లీగ్రాముల తెల్ల విటమిన్ సి గోలీలు తెచ్చాను. నీళ్లలోకి చెయ్యి పెట్టి రెండో మెట్టు మరక మీద ఒక గోలీని అదిమి పట్టుకున్నాను. అర నిమిషం తర్వాత తీస్తే దాని కింద గుండ్రంగా, తెల్లగా, చుక్క బొట్టు పెట్టినట్టు సిమెంటు బయటపడింది. అక్క నమ్మక పక్కన ఇంకో గోలీ తనే పెట్టి చూసింది. అక్కడా అంతే.

విటమిన్ సి అంటే ఆస్కార్బిక్ ఆమ్లం. కరగని తుప్పులోని ఇనుముకు అది ఎలక్ట్రాన్ ఇచ్చి మళ్లీ కరిగే రూపంలోకి తెస్తుంది. పాలకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుందంటారు కదా, కడుపులో జరిగేదీ ఇదే.

గోలీకి లొంగకపోతే ఆకుల మరకేమో చూడాలి. పాత సాక్సులో కాస్త బ్లీచింగ్ పౌడర్ కట్టి మరక మీద కాసేపు ఉంచితే, ఆకు మరకైతే వెలిసిపోతుంది. బాదం ఆకులో టానిన్లు, అంటే వగరు పదార్థాలు ఎక్కువ. రాలిన చోట ఆకు ఆకారం అచ్చు దిగుతుంది. నీళ్లలో ఇనుము కూడా ఉంటే ఆ అచ్చు నల్లబడుతుంది. కలంకారీ వాళ్లు కరక్కాయ రసం పట్టించిన బట్ట మీద తుప్పు కషాయంతో గీసి నలుపు తెచ్చేది ఈ టానిన్, ఇనుముల కలయికతోనే.

నీలి, ఆకుపచ్చ మరకైతే రాగిది. నాచు పోవాలని మైలుతుత్తం వేసే పూల్‌లో ఇది మామూలు. రాగి బిందెను చింతపండు తోమినట్టు, దీన్ని సిట్రిక్ ఆమ్లం వదిలిస్తుంది. నీటి అంచున తెల్లటి చార ఉప్పు నీళ్ల సున్నం. మన ఎండలకు నీళ్లు ఆవిరై సున్నం మిగులుతుంది. పలుచని యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ మాత్రం ఒకదానికొకటి తగలనివ్వొద్దు. వచ్చేది క్లోరిన్ వాయువు, 1915లో బెల్జియం యుద్ధరంగంలో మనుషుల్ని చంపింది అదే.

బావ పూల్‌లో ముందు క్లోరిన్ దాదాపు సున్నాకు దిగేదాకా ఆగాం. తర్వాత అర కిలో ఆస్కార్బిక్ ఆమ్లం పొడిని మెట్ల మీదుగా చల్లి, పంపు ఆడించాం. మరక కళ్లముందే కరిగింది. అయితే ఇనుము ఎక్కడికీ పోలేదు, నీళ్లలోనే ఉంది. దాన్ని పట్టి ఉంచే సీక్వెస్ట్రెంట్ అనే మందు కలిపాం. ఆమ్లంతో పడిపోయిన పీహెచ్‌ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) చాకలి సోడాతో 7.2 పైకి తెచ్చాం. క్లోరిన్‌ను మాత్రం రోజుకు కొంచెం కొంచెంగా, లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల దాకా పెంచాం. తొందరపడి ఒకేసారి వేస్తే మరక తిరిగొస్తుంది.

ఇప్పుడు తగ్గిన నీళ్లు నింపేటప్పుడు బావ బోరు నీళ్లను ముందు తొట్టిలో పట్టి గాలి ఆడనిస్తున్నారు. తుప్పు అడుగుకు దిగాక పైన తేటనే పూల్‌లోకి వదులుతున్నారు. మూడో మెట్టు మీద రూపాయి బిళ్లంత మరక ఒకటి మాత్రం తుడిచిన కొద్దీ అక్కడే వస్తోంది. లోపల బైండింగ్ వైరు ముక్క ఉండిపోయి తుప్పు పడుతోందని నా అనుమానం. దానికి గోలీ చాలదు, పూత చెక్కి చూడాల్సిందే.