నగరం కింది సముద్రంలో నడిరాత్రి స్నానం

జపాన్‌లో కంపెనీ పని మీద ఊరూరూ తిరిగే ఉద్యోగులు దిగే ‘బిజినెస్ హోటల్’ గదిలో ఒక మంచం, చిన్న బల్ల, పెట్టె తెరవడానికి చాలీచాలని చోటు మాత్రమే ఉంటాయి. గదిలో లేని విశాలత స్నానశాలలో దొరుకుతుంది. ఇలాంటి హోటళ్లలో చాలావాటికి పై అంతస్తులోనో, కింది అంతస్తులోనో బస చేసినవారందరికీ కలిపి పెద్ద స్నానశాల ఉంటుంది. ఆడవారికీ మగవారికీ వేరువేరుగా ఉండే ఈ శాలలు అర్ధరాత్రి దాటాక కూడా తెరిచే ఉంటాయి. సమావేశాలూ విందులూ ముగించుకుని రాత్రి 11 గంటలకు తిరిగి వచ్చిన మనిషి, హోటల్ వారిచ్చిన వదులు దుస్తులు తొడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని లిఫ్టు ఎక్కుతాడు. అక్కడి తొట్టిలో ఉన్నది ‘ఓన్‌సెన్’, అంటే భూమిలోంచి వచ్చిన వేడినీటి ఊట, అని గోడ మీద రాసి ఉంటుంది. నగరంలో అగ్నిపర్వతమేదీ లేనప్పుడు టోక్యో నడిబొడ్డున వేడినీటి ఊట ఎక్కడిది?

కొన్ని హోటళ్ల విషయంలో జవాబు చాలా మామూలుది: దూరపు కొండ ఊళ్ల నుంచి ట్యాంకర్లలో నీరు తెస్తారు. అసలు ఆసక్తి కలిగించేవి సొంత బోరు ఉన్న స్నానశాలలు. 1948లో జపాన్ చేసిన ఓన్‌సెన్ చట్టం ప్రకారం, భూమిలోంచి వెలువడేటప్పుడు నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలో, అంతకన్నా ఎక్కువో ఉంటే అది ఓన్‌సెన్. అంత వేడి లేకపోయినా, చట్టం పేర్కొన్న 19 రకాల పదార్థాలలో ఏ ఒక్కటైనా నిర్ణీత మోతాదులో ఉంటే చాలు. అగ్నిపర్వతం ఉండాలన్న షరతు ఎక్కడా లేదు.

భూమి లోపలికి వెళ్లే కొద్దీ వేడి పెరుగుతుందన్నది మన బొగ్గు గనుల కార్మికులకు అనుభవంలో ఉన్న సంగతే. ఆ పెరుగుదల సాధారణంగా ప్రతి 100 మీటర్లకు 2 నుంచి 3 డిగ్రీల దాకా ఉంటుంది. టోక్యో ఉన్న కాంతో మైదానంలో 100 మీటర్లకు 2 డిగ్రీలే పెరుగుతుందనుకున్నా, పైన 15 డిగ్రీలున్న నేలలో 1,500 మీటర్ల లోతుకు వెళితే ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. స్నానానికి అది చాలినంత వేడి. ఇక నీటి సంగతి. ఈ మైదానం ఒకప్పుడు సముద్రగర్భం. లక్షల సంవత్సరాల పాటు అక్కడ పేరుకున్న ఇసుక, బంకమట్టి పొరల మధ్య ఆనాటి సముద్రపు నీరు చిక్కుకుపోయింది. నగరంలోని లోతైన బోర్లు తోడిపోసే ఉప్పునీరు చాలావరకు ఆ పాత సముద్రమే. ఆ నీటితో పాటు సముద్రపు నాచు, ఇతర జీవరాశి కుళ్లగా మిగిలిన అయోడిన్, మీథేన్ వాయువు కూడా ఉంటాయి. పక్కనే ఉన్న చిబా ప్రాంతంలో ఇలాంటి నీటి నుంచే అయోడిన్ తీస్తారు. ప్రపంచంలో చిలీ తరువాత అత్యధికంగా అయోడిన్ ఉత్పత్తి చేసే దేశం జపాన్ కావడానికి కారణం ఇదే.

మీథేన్ మాత్రం ప్రమాదకరమైన తోడు. లోతున పీడనం వల్ల నీటిలో కరిగి ఉన్న ఈ వాయువు, నీరు పైకి రాగానే సోడా బుడగల్లా విడిపోతుంది. 2007 జూన్‌లో టోక్యోలోని షిబుయాలో ఒక స్నానశాల యంత్రాల గదిలో ఇలా పేరుకున్న మీథేన్ పేలి ముగ్గురు ఉద్యోగులు మరణించారు. ఆ తరువాత చట్టాన్ని సవరించి, మీథేన్‌ను వేరుచేసి బయటికి పంపే ఏర్పాట్లను 2008లో తప్పనిసరి చేశారు. హాయిగా నీటిలో కూర్చున్నవారికి కనబడని ఈ ఏర్పాటు ముగ్గురి ప్రాణాలు పోయాక వచ్చిందన్న సంగతి గుర్తుంచుకోదగినది.

అగ్నిపర్వతం లేని చోట వేడినీరు మనకూ కొత్త కాదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మణుగూరు దగ్గరి పగిడేరులో బొగ్గు అన్వేషణ కోసం వేసిన బోర్ల నుంచి వేడినీరు తనంతట తానే ఉబికి వచ్చింది. ఆ వేడితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. గోదావరి లోయలోని పగుళ్ల వెంట లోతుకు దిగిన నీరు వేడెక్కి తిరిగి పైకి రావడమే అక్కడి రహస్యం.

ఇక ఆ వేడి శరీరంలో ఏం చేస్తుందో చూద్దాం. మెడ దాకా నీటిలో మునిగినప్పుడు నీటి ఒత్తిడి వల్ల కాళ్లలోని, పొట్టలోని రక్తం సుమారు 700 మిల్లీలీటర్ల మేరకు ఛాతీ వైపు జరుగుతుంది. గుండె ప్రతి స్పందనకూ ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. అదే సమయంలో వేడికి చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి. రోజంతా కుర్చీలోనో, రైలులోనో కూర్చున్నవారి కాళ్ల వాపు తగ్గి తేలికగా అనిపించడానికి ఇదే కారణం.

నిద్ర విషయంలో మాత్రం చాలామంది ఊహకు విరుద్ధమైనది జరుగుతుంది. వేడినీరు నిద్ర పట్టించేది ఒంటిని వేడి చేసి కాదు, ఆ తరువాత చల్లబరిచి. మన శరీరం లోపలి ఉష్ణోగ్రత సాయంత్రానికి గరిష్ఠానికి చేరి, రాత్రి సుమారు 1 డిగ్రీ తగ్గుతుంది. ఆ తగ్గుదలతో పాటే నిద్ర వస్తుంది. వేడి బయటికి పోయే ప్రధాన ద్వారాలు అరచేతులు, అరికాళ్లు. స్నానంతో అక్కడి రక్తనాళాలు విప్పారి ఉండడం వల్ల, తొట్టిలోంచి బయటికి వచ్చాక లోపలి వేడి త్వరగా వెళ్లిపోతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2019లో వెలువరించిన సమీక్ష ప్రకారం, పడుకోవడానికి 1–2 గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు గడిపినా నిద్ర పట్టే సమయం సగటున సుమారు 10 నిమిషాలు తగ్గింది.

కనుక స్నానం చేసి తుడుచుకున్న వెంటనే మంచమెక్కడం సరైన పద్ధతి కాదు. 12 గంటలకు నిద్రపోవాలనుకునేవారు 10:30కే నీటిలో దిగాలి. విందు ముగిశాక స్నానానికి వెళ్లే ఉద్యోగికి ఇది కష్టమే. హైదరాబాద్ నుంచి వచ్చినవారికి మరొక చిక్కు ఉంది. జపాన్ సమయం మనకన్నా మూడున్నర గంటలు ముందు ఉంటుంది కాబట్టి, టోక్యోలో అర్ధరాత్రి అయినప్పుడు, అదే రోజు దిగినవారి శరీరానికి అది ఇంకా రాత్రి 8:30. లోపలి ఉష్ణోగ్రత ఇంకా తగ్గవలసినంత తగ్గి ఉండదు. స్నానం వేడిని బయటికి పంపడంలో సాయపడుతుందే తప్ప, శరీరపు గడియారాన్ని మూడున్నర గంటలు ముందుకు జరపదు.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక మద్యం గురించి. మద్యమూ వేడినీరూ రెండూ రక్తనాళాలను విప్పార్చేవే. తాగి స్నానం చేసిన మనిషి లేచి నిలబడగానే, అప్పటిదాకా ఆసరాగా ఉన్న నీటి ఒత్తిడి ఒక్కసారిగా తొలగి, రక్తం కాళ్లలోకి దిగి, మెదడుకు చాలినంత అందక కళ్లు తిరుగుతాయి. నీటిలో స్పృహ తప్పితే అది మునిగిపోవడమే. జపాన్‌లో ఏటా వేలమంది, ముఖ్యంగా వృద్ధులు, స్నానపు తొట్టిలో ప్రాణాలు కోల్పోతున్నారు. అందుకే అక్కడి వినియోగదారుల వ్యవహారాల సంస్థ నీరు 41 డిగ్రీలకు మించకూడదనీ, 10 నిమిషాలకు మించి ఉండవద్దనీ, తాగిన తరువాతా, భోజనం చేసిన వెంటనే స్నానానికి దిగవద్దనీ సూచిస్తోంది. విందులో మద్యం తీసుకున్నవారు ఆ రాత్రికి స్నానం మానుకుని, అదే స్నానశాల తెల్లవారుజామున తెరిచి ఉన్నప్పుడు వెళ్లడం మేలు. దిగేముందూ, లేచాకా ఒక గ్లాసు నీళ్లు తాగాలి. తొట్టి అంచు పట్టుకుని, ముందు కూర్చుని, తరువాత నెమ్మదిగా నిలబడాలి.