సావోన్‌లిన్నా సరస్సు మీద నడక: అపోహలు - వాస్తవాలు

డిసెంబరు దాటిందంటే నాకు వచ్చే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, సరస్సు గడ్డకట్టింది కదా, కోట దాకా నడిచి వెళ్ళొచ్చా?" ఫిన్లాండులోని సావోన్‌లిన్నాలో గైడుగా పనిచేస్తున్నాను. వాళ్ళడిగేది నీళ్ళ మధ్య దీవి మీదున్న ఓలవిన్‌లిన్నా కోట గురించి. హెల్సింకి, ఎస్పో నుంచి వారాంతాల్లో వచ్చే మనవాళ్ళలో సగం మంది ఎవరో పెట్టిన వీడియో చూసి వస్తారు. ఆ వీడియోలో ఒకడు ఐసు మీద గెంతుతుంటాడు. అది ఏ సరస్సో, ఏ నెలో ఎవరూ చెప్పరు.

అపోహ: సరస్సు గడ్డకడితే ఎక్కడైనా నడవొచ్చు.

వాస్తవం: ఈ ఊళ్ళో అలా కుదరదు. ఒక పక్క హౌకివేసి, ఇంకో పక్క పిహ్లాయవేసి, రెండూ సైమా సరస్సులో భాగాలే. హౌకివేసి నీళ్ళు పిహ్లాయవేసిలోకి దిగాలంటే ఊరి దగ్గరున్న ఇరుకు దారుల్లోంచే దూరాలి. కోట పక్కనున్న క్యూరోన్‌సాల్మి అలాంటిదే. చలికాలంలో సరస్సు అడుగున 4 డిగ్రీల దగ్గర కాస్త వెచ్చటి నీళ్ళుంటాయి, వాటిని ఈ ప్రవాహం పైకి తోడుతుంది. అందుకే బయట మైనస్ 20 ఉన్నా కోట గోడ కింద నీళ్ళు నల్లగా కదులుతూ కనబడతాయి. 1475లో స్వీడన్ రాజ్యం తరఫున ఎరిక్ అక్సెల్సన్ టోట్ ఓలవిన్‌లిన్నా కోటకి ఈ రాతి దీవిని ఎంచుకున్నాడు. చలికాలంలో కూడా శత్రువు ఐసు మీద నడిచి రాలేని చోటు ఇది. అయిదు వందల ఏళ్ళ కిందట సైనికుల్ని ఆపిన నీళ్ళే ఇవి.

నల్లటి నీళ్ళు కళ్ళకి కనబడతాయి కాబట్టి ఎవరూ అందులో దిగరు. ప్రమాదం దాని అంచున ఉంది. పైన మంచు దుప్పటిలా కప్పేస్తే చలి కిందికి దిగదు, ఐసు మందం కాదు. చూపుకి మాత్రం అంతా ఒకే తెలుపు.

ఒక మార్చిలో ఒక పెద్దాయన ఫోటో కోసం ఒడ్డు దిగారు. "ఏం కాదులే బాబూ, నిన్న ఐసు మీద చేపలు పడుతున్నారుగా" అన్నారు. వాళ్ళు పట్టింది వేరే రేవులో. నాలుగో అడుగుకి బూటు చీలమండ దాకా బురదలాంటి ఐసులో దిగింది. "బాబాయ్‌గారూ, కదలకండి, మెల్లగా బోర్లా పడుకోండి" అని అరిచాను. పాక్కుంటూ వచ్చారు. తర్వాత కార్లో కూర్చుని వాళ్ళావిడ "మాకు తెలీదు నాయనా" అని ఏడ్చారు. ఎలా తెలుస్తుందమ్మా? మనం పెరిగిన ఊళ్ళలో ఏ చెరువూ గడ్డకట్టలేదు.

ఒక మనిషి నడవడానికి కనీసం 5 సెంటీమీటర్ల గట్టి, స్వచ్ఛమైన ఐసు ఉండాలి. వంతెనల కింద, రెల్లు పక్కన, భూమి మొనల దగ్గర ఆ లెక్క నమ్మకండి. ఏప్రిల్లో ఐసు మందంగానే ఉన్నా లోపల గుల్లబారిపోతుంది. మ్యాపులో పేరు చివర సాల్మి అనో విర్తా అనో ఉంటే ఒడ్డునే ఉండండి: మొదటిది జలసంధి, రెండోది ప్రవాహం. పడిపోతే వచ్చిన వైపుకే తిరగండి, మిమ్మల్ని అంతదాకా మోసింది ఆ ఐసే. కాళ్ళు వెనక్కి తన్నుతూ పైకి పాకండి. పైకొచ్చాక లేచి నిలబడొద్దు, దొర్లండి. ఫోను 112కి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. కోట రష్యావాళ్ళు కట్టింది కాదు, వాళ్ళ వైపు నుంచి వచ్చే దాడులకి అడ్డంగా స్వీడన్ రాజ్యం కట్టింది. 1743 ఒప్పందంతో రష్యా చేతికి పోయింది. ఊరు 1639లో పుట్టింది, కోట తర్వాత 164 ఏళ్ళకి. ఇక్కడికి దగ్గర్లోని కెరిమాకిలో ఉన్న భారీ చెక్క చర్చి, ప్లానులో మీటర్ల లెక్కని వేరే కొలతతో పొరబడడం వల్ల అంత పెద్దదైందన్నది కట్టుకథ: అది పూర్తయిన 1847 నాటికి ఫిన్లాండులో మీటర్ల లెక్కే వాడుకలో లేదు. ఇక అర్ధరాత్రి సూర్యుడు ఇక్కడ లేడు, జూన్‌లో కూడా అస్తమిస్తాడు, చీకటి మాత్రం సరిగ్గా పడదు.

ఐసు మీదకి వెళ్ళి తీరాలనుకునేవాళ్ళు మెడలో నాస్కాలిత్ వేసుకోండి. రెండు చిన్న పిడులు, చివర ఉక్కు మేకులు, మధ్యలో తాడు. జారే ఐసులో వాటిని గుచ్చి పట్టుకుంటే పైకి రావడం తేలిక, ఒట్టి చేతులకి పట్టు దొరకడం కష్టం. నా కార్లో ఎప్పుడూ రెండు జతలుంటాయి. మొహమాటపడకుండా అడిగి తీసుకోండి.