డేగ ఎందుకు తిరిగొస్తది?

సండే స్కూలు పిల్లలకు,

తాత దీవెనలు.

పోయిన ఆదివారం మీలో ఒక పిల్ల ఫోను తెచ్చి వీడియో చూపించింది. వాళ్ళ నాయిన దోహా నుంచి పంపిండట. ఇసుకలో ఒక అరబ్బు మనిషి చేతికి తోలు తొడుగు వేసుకొని నిలబడ్డడు, దాని మీద డేగ. తలకున్న చిన్న టోపీ తియ్యంగనే లేచి, చూస్తుండంగనే చుక్కంత అయింది. ఆయన తాడుకు కట్టిన ఈకల కట్టను గిరగిర తిప్పితే మళ్ళ దిగి వచ్చింది. "తాతా, అంత దూరం పోయినంక మళ్ళ ఎందుకొచ్చింది? పారిపోవచ్చు గదా?" అని ఆ పిల్ల అడిగింది. వెనక బెంచీ పిలగాడు "కొడ్తరని భయం" అన్నడు. అప్పటికే గంట కొట్టిన్రు. జవాబు బాకీ పడ్డది.

ముందు పేర్లు తేల్చుకుందాం. ఊరి మీద తిరిగే పెద్ద రెక్కలదాన్ని గద్ద అంటం. సన్నగ, వడిగ, పిట్టల్ని గాలిలోనే పట్టేది డేగ. బైరి డేగ ఉంది, మన వేపచెట్ల మీద ఉండే జాలె డేగ ఉంది. అన్నింటిలోనూ మగదాని కంటే ఆడదే పెద్దది. వేటకు పెంచిన డేగను మనోళ్ళు సాళువం అనేటోళ్ళు. 1485లో విజయనగరం గద్దె ఎక్కిన సాళువ నరసింహరాయల ఇంటిపేరు అదే. కాబట్టి ఇది అరబ్బుల ముచ్చట ఒక్కటే అనుకోకండి.

మా చిన్నప్పుడు వాకిట్లో గద్ద నీడ పడితే పిల్లలమంతా చేతులు ఊపుకుంట అరిచేటోళ్ళం. మేం అరవకముందే కోడి ఒక తీరుగ కూసేది, పిల్లలన్నీ దాని రెక్కల కిందికి దూరేవి. ఆ గద్ద నీడ తెలిసినోళ్ళకే మత్తయి 23లో యేసు యెరూషలేమును చూసి, కోడి తన పిల్లల్ని రెక్కల కింద చేర్చుకున్నట్టు మిమ్మల్ని చేర్చుకోవాలనుకున్న అని చెప్పిన మాట పూర్తిగ అర్థమైతది. సరే, దారి తప్పిన. డేగ దగ్గరికి వద్దాం.

భయం సంగతి. కుక్కను కొడితే తోక ముడుచుకొని కాళ్ళ కాడికే వస్తది, ఎందుకంటే అది గుంపులో బతికే జాతి. గుంపుకొక పెద్ద ఉంటడని దానికి తెలుసు. బైరి డేగలాంటివి ఒంటరివి, పెద్ద అనేటోడు వాటి లోకంలోనే లేడు. ఒక్క దెబ్బ వేస్తే అది నేర్చుకునేది, ఈ మనిషి కాడ ఉండొద్దని. తాడు ఇప్పిన నాడు మళ్ళ కనబడది. అందుకే డేగను పెంచేటోడు కోపగొండి అయితే ఆ పనికి పనికిరాడు.

కొత్తలో డేగ రెండు కాళ్ళకూ మెత్తటి తోలు పట్టీలు కడ్తరు. వాటి కొసకు మెలిపడకుండ తిరిగే రింగు, ఆ రింగుకు తాడు. తొడుగు మీద కూర్చోబెడితే బెదిరి దూకుతది, పట్టీలు ఆపుతయి, తలకిందులుగ వేలాడుకుంట రెక్కలు కొట్టుకుంటది. అప్పుడు ఆ మనిషి ఏం చేస్తడో చూడాలె. గుంజడు, కసరడు. ఖాళీగున్న అరచెయ్యిని దాని రొమ్ము కింద పెట్టి మెల్లగ పైకెత్తి మళ్ళ తొడుగు మీద నిలబెడ్తడు. అది మళ్ళ దూకుతది. ఆయన మళ్ళ ఎత్తుతడు. ఒక పూటలో ఎన్నిసార్లు దూకితే అన్నిసార్లు. దాని కండ్లల్లోకి సూటిగ చూడడు, ఎందుకంటే సూటిగ చూసేది వేటాడేదే అని దానికి పుట్టుకతోనే తెలుసు. హోషేయ 11లో దేవుడు, ఎఫ్రాయిముకు నడక నేర్పింది నేనే, చెయ్యి పట్టుకున్నది నేనే, వాళ్ళను స్నేహపు తాళ్ళతో దగ్గరికి తీసుకున్న అంటడు గదా. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ అరచెయ్యి యాదికొస్తది.

తొడుగు మీద మాంసం ముక్క ఉంటది. మొదటి రోజు ముట్టకపోవచ్చు, రెండో రోజూ ముట్టకపోవచ్చు. తినాలంటే తల వంచాలె, తల వంచితే మనిషి మీద నుంచి చూపు తియ్యాలె. ఆ చూపు తియ్యడమే దానికి కష్టం. ఒక రాత్రి, దీపం తగ్గించిన ఇంట్లో, అది తల వంచి ఒక్క ముక్క పీకుతది. ఇంకొన్నాళ్ళకు ఒక కాలు మడిచి పొట్ట ఈకల్లో దాచుకుంటది, ఒళ్ళంత ఒక్కసారి జాడించి ఈకలు సర్దుకుంటది. నీ మీద నమ్మకం కుదిరిందని డేగ చెప్పే తీరు అదే.

ఇక అసలు జవాబు. డేగ ఆకలితో తిరిగొస్తది. ఇది వింటే మీకు జర చప్పగ అనిపిస్తది, నాకు తెలుసు. అయినా వినండి.

ఇంట్లో బర్రెను పిండేటప్పుడు చూసిన్రు గదా. దుడ్డెను గుంజకు కట్టి ఉంచుతరు. వేళకు తలుగు ఇప్పితే అటూ ఇటూ చూడకుండ నేరుగ పొదుగు కాడికి ఉరుకుతది. నాలుగు గుక్కలు తాగంగనే బర్రె చేపుతది. అప్పుడు దుడ్డెను పక్కకు గుంజి పిండుకుంటరు, ఒక సన్ను మాత్రం దాని కోసం ఇడుస్తరు. ఎన్నడన్న రాత్రి తలుగు తెగి దుడ్డె పాలన్నీ తాగేసిందనుకోండి. పొద్దుగాల ఏం చేస్తది? వాకిట్లో గంతులేస్తది, గడ్డివాములో ముట్టె పెడ్తది, తల్లి అరిచినా చెవిన పెట్టది. అట్లని పాలే ఇడువకుండ ఎండబెడితే కాళ్ళ మీద నిలబడది, తల్లి కాడికి కూడా నడవలేదు. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడుందో మీ అమ్మలకు తక్కెడ లేకుండనే తెలుసు.

డేగను పెంచేటోడికి మాత్రం తక్కెడ కావాలె. రోజూ ఒకే వేళకు తూచి పుస్తకంలో రాసుకుంటడు. నిన్న తిన్న పిట్ట ఈకలు, బొచ్చు దానికి అరగవు. వాటిని ఉండలాగ చుట్టి పొద్దుగాల నోట్లోంచి కక్కేస్తది. ఆ ఉండ పడేదాకా తిండి పెట్టొద్దు, తూకం కూడా అప్పటిదాకా లెక్కలోకి రాదు. ఆడ బైరి డేగ కిలోకు అటూ ఇటూ తూగుతది. అంత పిట్టకు 20, 30 గ్రాములు ఎక్కువైతే చాలు, పిలుపు వినబడనట్టు ఉంటది. జాలె డేగ 150 గ్రాములకు అటూ ఇటూ ఉండే పిట్ట, దానికి 4, 5 గ్రాములే తేడా. మరీ తగ్గితే రొమ్ము ఎముక వేలికి కత్తి అంచులాగ తగులుతది, రెట్ట ఆకుపచ్చగ పడ్తది, ఈకలు ఉబ్బించుకొని మూలకు కూర్చుంటది. ఆ దశకు వచ్చిన డేగను ఎగరెయ్యడం పాపం.

తూకం కుదిరినంక పని దగ్గరి నుంచి మొదలైతది. ముందు గుంజ మీద నుంచి తొడుగు మీదికి ఒక్క దుంకు. తర్వాత మీటరు, పది మీటర్లు, ముప్పై మీటర్లు. అన్ని రోజులూ కాలికి పొడుగు దారం ఉంటది. ఇది చెట్లూ ముండ్లూ లేని చేన్లో చెయ్యాలె. దారం సర్కారు తుమ్మకు చిక్కితే డేగ మధ్యలోనే ఆగి బెదురుతది, నేర్పిందంతా పోతది. ముప్పై మీటర్ల నుంచి వరసగ మూడు నాలుగు రోజులు ఆలోచించకుండ వస్తే దారం తీసేస్తరు. పట్టీల కొసకు రింగు కోసం చీలిక ఉంటది. ఎగరేసేటప్పుడు చీలిక లేని పట్టీలు మార్చాలె, మరిస్తే ఆ చీలిక కొమ్మకు తగులుకొని డేగ అక్కడే వేలాడి చస్తది. కాలికి గజ్జె కడ్తరు, ఈ కాలంలో సిగ్నలు పంపే చిన్న యంత్రం కూడా కడ్తరు.

అన్నీ కుదిరినా ఒకనాడు తప్పు జరుగుతది. ఆయన తూకం చూడకుండ ఎగరేస్తడు, లేకుంటే డేగే ఎక్కడో పిట్టను కొట్టి కడుపునిండ తింటది. గొంతు కింది సంచి నిమ్మకాయంత ఉబ్బుతది. చెట్టు చిటారు కొమ్మ మీద ఒంటికాలి మీద నిలబడి ఈకలు దువ్వుకుంటది. కింద ఆయన ఈల వేస్తడు, మాంసం చూపిస్తడు, ఈకల కట్ట తిప్పుతడు. అది తల వంచి చూస్తది. గుర్తుపడ్తది. రాదు.

ద్వితీయోపదేశకాండం 8లో మోషేకు ఉన్న భయం ఇదే. అడివిలో ఆకలైనప్పుడు కాదు, తిని తృప్తిపడి, మంచి ఇండ్లు కట్టుకొని, గొడ్లూ బంగారమూ పెరిగినంక మీరు దేవుణ్ణి మరుస్తరేమో అన్నడు. మన మందిరంలో కూడా చూడండి, కరువేడు బెంచీలు చాలవు.

ఇప్పటిదాకా దుడ్డె పోలిక బాగనే నడిచింది, ఇక్కడ కుంటుతది. దుడ్డెకు తల్లి అంటే పాల కంటే ఎక్కువ. డేగకు మనిషి మీద అట్లాంటి ప్రేమ ఉండదు, కుక్కలాగ చెయ్యి నాకదు. అది చేతి మీదికి వచ్చేది మాంసం కోసమే. మరి ఆకలితో వచ్చిన రాక కూడా ఒక రాకేనా అని పెద్దపిల్లలు అడుగుతరు. లూకా 15లో ఇల్లు ఇడిచిపోయిన చిన్నకొడుకు కథ తియ్యండి. చిన్నకొడుకు పందులు మేపుకుంట, వాటి పొట్టుతోనన్న కడుపు నింపుకోవాలని చూసిండు. అది కూడా ఎవరూ పెట్టలేదు. అప్పుడు వానికి ముందు యాదికొచ్చింది నాయిన మొహం కాదు, నాయిన కాడ కూలోళ్ళకు సైతం మిగిలే అన్నం. ఆ అన్నం కోసమే లేచిండు. తండ్రి వాణ్ణి దూరం నుంచే చూసి ఉరికిండు. ఎందుకొచ్చినవని అడిగినట్టు అక్కడ రాసి లేదు.

చెట్టు కింది మనిషి సంగతి చెప్పలేదు గదా. ఆయన ఇంటికి పోడు. దుప్పటి కప్పుకొని అక్కడే పండుకుంటడు. తెల్లారకముందే లేస్తడు, ఎందుకంటే ఆకలైన డేగ మొదటి వెలుతురుకే కదులుతది, అప్పుడు ఆయన కింద లేకుంటే అది ఇంకో దిక్కు పోతది.

అయితే ఏడాదంతా ఆకలి లెక్కే ఉండదు. ఎండకాలం నుంచి కొన్ని నెలల పాటు డేగ ఈకలు మారుస్తది. ఆ కాలంలో వేట బందు, తూకం పుస్తకం పక్కన పెట్టి కడుపునిండ పెడ్తరు. రెక్కల ఈకలు అన్నీ ఒక్కసారి రాలవు. కుడి రెక్కలో ఒకటి రాలితే ఎడమ రెక్కలో దాని జోడు కూడా దాదాపు అప్పుడే రాలుతది, తూకం తప్పకుండ. ఈక పెరుగుతుండంగ రెండు రోజులు తిండి తప్పితే, ఆ రెండు రోజుల్లో పెరిగిన మేర అడ్డంగ సన్నటి గీత పడ్తది. అప్పుడు పెరుగుతున్న ఈకలన్నిటి మీదా అదే గీత. ఈక విరిగితే అక్కడే విరుగుతది. 103వ కీర్తనలో "పక్షిరాజు యౌవనమువలె నీ యౌవనము క్రొత్తదగుచుండునట్లు" అన్న మాట, మేలుతో తృప్తిపరచుచున్నాడు అన్న మాట ఒకే వచనంలో ఉన్నయి. కొత్త ఈకలు కడుపునిండిన కాలంలో వస్తయని తెలిసినోడికి ఆ జోడీ వింతగ అనిపించదు.

విరిగిన ఈకకు మందు ఉంది. పోయిన ఏడు రాలిన ఈకలను దాచి ఉంచుతరు. విరిగిన ఈకను గొట్టం గట్టిగున్న చోట కోసి, అదే వరసలోని పాత ఈకను సరిపోయేటట్టు కోస్తరు. వెదురు పుల్లను గుండ్రంగ కాకుండ మూడు అంచులు వచ్చేటట్టు చెక్కి, ఎందుకంటే గుండ్రనిది లోపల తిరుగుతది, జిగురు రాసి సగం ఇటు, సగం అటు దూరుస్తరు. బత్తాయి అంటు కట్టినట్టే ఉంటది చూడటానికి. అంటు మాత్రం బతికి కాస్తది, ఈ ఈక కొత్తది మొలిచేదాకానే.

ఈ సందర్భంలో ఒక మాట. గద్ద 70 ఏండ్లు బతుకుతదని, 40 ఏండ్లకు కొండెక్కి ముక్కును రాయికి కొట్టి ఊడగొట్టుకుంటదని, గోర్లూ ఈకలూ పీక్కొని ఐదు నెలలకు మళ్ళ పడుచుదైతదని వాట్సాప్‌లో తిరుగుతది, ప్రసంగాల్లో కూడా వినబడ్తది. అది అబద్ధం. ముక్కు మన గోరులాగ ఎప్పుడూ పెరుగుతనే ఉంటది, ఎముకలు కొరికితే అరుగుతది. పెంపుడు డేగకు మెత్తటి మాంసమే పెడితే వంకర పెరుగుతది, అప్పుడు ఆకురాయితో సరిచేస్తరు. ముక్కు ఊడిన గద్ద తినలేక ఆకలితో చస్తది. దేవుని మాటకు అబద్ధం ఆసరా అక్కరలేదు.

ఇదంతా చదివి డేగను పట్టుకొచ్చి పెంచుదామని ఎవరన్న అనుకుంటే, వద్దు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఎండకాలంలో జాలె డేగ పిల్ల గూట్లోంచి పడినా, పతంగి మాంజా రెక్కకు చుట్టుకొని పెద్దది దొరికినా, అట్టపెట్టెకు గాలి రంధ్రాలు చేసి, లోపల గుడ్డ పరిచి దాంట్లో పెట్టి మూత వెయ్యండి. చీకటైతే శాంతపడ్తది, ఆ వీడియోలో తలకు టోపీ ఎందుకున్నదో ఇప్పుడు తెలిసింది గదా. నోట్లో నీళ్ళు పొయ్యకండి, అన్నం పెట్టకండి. మాంజాను గుంజకండి. పెద్దోళ్ళతో అటవీశాఖకు ఫోను చేయించండి.

ఎవరి చేతికీ అలవాటు లేనివి కూడా తిరిగొస్తయి. ఇప్పుడు నవంబరు. పిల్లి గద్దలు దిగే కాలం. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో గూడు పెట్టి, చలికాలానికి మన పాలమూరు, నల్లగొండ పడావు భూముల మీదికి వస్తయి, మార్చి, ఏప్రిల్‌కు వెళ్ళిపోతయి. యోబు 39లో దేవుడు అడిగిన ప్రశ్న ఉంది: డేగ దక్షిణం దిక్కుకు రెక్కలు చాచేది నీ తెలివితోనా? యోబు దగ్గర జవాబు లేదు. ఆ దక్షిణంలోనే మన ఊరు ఉంది.

శనివారం సాయంత్రం నాలుగున్నరకు ఊరి బయట, పత్తి చేన్లు దాటినంక, గడ్డి మోకాలెత్తున్న పడావు కాడికి పొండి. పొద్దును వెనకకు పెట్టుకొని కట్ట మీద కూర్చోండి, మాట్లాడకండి. గడ్డికి మనిషెత్తు మీద, రెక్కలు రెండూ జర పైకి లేపి, కొట్టకుండ తేలుకుంట ఒకటి వస్తది. మిడత కోసం ఒక్కసారిగ మలుగుతది, అప్పుడు తోక మొదట్లో తెల్లటి పట్టీ కనబడితే అది ఆడదో, ఈ ఏడు పుట్టిన పిల్లో. చీకటి పడేముందు గడ్డిలోకి దిగి నేల మీదనే పండుకుంటది. ఎక్కడ దిగిందో గుర్తు పెట్టుకోండి గాని, దగ్గరికి పోకండి.

మీ తాత