పెద్ద స్కేల్ విమానాల కిట్లు: డిటైల్ సెట్ కొనే ముందు ఇది చదవండి

సగంలో ఆగిపోయిన 1/32, 1/24 (అసలు విమానంలో 32వ, 24వ వంతు) ప్లాస్టిక్ మోడల్ కిట్లు పూర్తి చేసిపెట్టమని నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్లు, మస్టాంగ్‌లు. పెట్టె మూత తీయగానే సంగతి అర్థమైపోతుంది. కిట్ పక్కనే విడిగా కొన్న డిటైల్ సెట్లు: రెజిన్‌తో పోత పోసిన కాక్‌పిట్, రెజిన్ ఇంజిన్, ఫొటో ఎచ్ రేకులు (సన్నని భాగాలు చెక్కిన పలచటి లోహం), లోహపు గన్ బ్యారెళ్లు. అన్నీ కలిపితే కిట్ ధర దాటిపోతుంది. ఎందుకు కొన్నారంటే అందరిదీ ఒకటే జవాబు: "ఇంత పెద్ద స్కేల్‌లో ఇవి లేకపోతే బొమ్మలా ఉంటుందన్నారు సార్." అన్నదెవరో మాత్రం చెప్పలేరు.

అపోహ: పెద్ద స్కేల్‌కి డిటైల్ సెట్లు తప్పనిసరి.

కాదు. ఈ ఒక్క మాట వల్ల పాడైనన్ని కిట్లు చెయ్యి తిరగకపోవడం వల్ల పాడవలేదు. స్పిట్‌ఫైర్ రెక్కలు కొస నుంచి కొసకి 36 అడుగుల 10 అంగుళాలు. 1/32లో అది 35 సెంటీమీటర్లు. మోడల్ పెద్దదే, కానీ కాక్‌పిట్ నోరు రెండు వేళ్లు పట్టేంతే. ఫ్యూజలాజ్ (విమానం మొండెం) మూసేశాక కనిపించేది సీటు, బెల్టులు, ఇన్‌స్ట్రుమెంట్ పానెల్, స్టిక్ పైభాగం. రాత్రిళ్లు కూర్చుని రంగులేసిన పైపులు, స్విచ్చులు అడుగున చీకట్లో కలిసిపోతాయి. కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) మూసి పెట్టేవాళ్లకి రెజిన్ మెర్లిన్ ఇంజిన్ ఎందుకసలు? బెల్టులు మాత్రం కొనుక్కోండి. ప్లాస్టిక్‌లో పోసిన బెల్టులు మందంగా ఉంటాయి, చూపు ముందు వాటి మీదే పడుతుంది.

డబ్బు పోతే పోయింది, అసలు నష్టం తర్వాత మొదలవుతుంది. రెజిన్ కాక్‌పిట్ పట్టాలంటే ఫ్యూజలాజ్ గోడని లోపలి నుంచి బాగా పలచగా గీకాలి. గీకింది చాలకపోతే ఫ్యూజలాజ్ మూసుకోదు. బలవంతంగా మూస్తే కాస్త ఉబ్బుతుంది, దాంతో రెక్క మొదలు దగ్గర అతుకు కుదరదు, విండ్‌స్క్రీన్ కూర్చోదు. ఒక్క మిల్లీమీటరు తేడా విమానమంతా పాకుతుంది. పైగా రెజిన్‌కి ప్లాస్టిక్ సిమెంట్ (కిట్లు అతికే జిగురు) అంటదు, దాని పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి.

విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఇలాంటి స్పిట్‌ఫైర్ మార్క్ 8 తెచ్చారు. కొడుకు అమెరికా నుంచి తెచ్చిచ్చిన కిట్. ఫ్యూజలాజ్‌కి రబ్బరు బ్యాండ్లు బిగించి ఉన్నాయి, అయినా నోరు తెరుచుకునే ఉంది. "వాడికేం చెప్పను?" అని ఆయన దిగులు. స్ప్రూలు (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలు) చూస్తే కిట్‌తో వచ్చిన కాక్‌పిట్ భాగాలు కత్తిరించకుండా అలాగే ఉన్నాయి. రెజిన్ ఊడదీశాం, గీకిన గోడలకి లోపల ప్లాస్టిక్ షీట్ అతికించాం, కిట్ కాక్‌పిట్ పెట్టాం. జిగురు లేకుండానే మూసుకుంది. ఆయన మొహంలో టెన్షన్ దిగిపోవడం చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఉద్యోగమంతా హైదరాబాద్‌లోనే చేశారు. అందుకే మార్కింగ్‌లకి 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ సూచించాను. ఆర్‌ఏఎఫ్‌కి (బ్రిటన్ వైమానిక దళం) చెందిన ఈ స్క్వాడ్రన్ బ్యాడ్జి మీద ఉండేది నిజాం తలపాగా. 1940లో బ్రిటన్ యుద్ధంలో ఎగిరింది, తర్వాత బర్మాలో మార్క్ 8లు నడిపింది. అక్కడి రౌండెల్స్‌లో (విమానం మీది గుండ్రటి గుర్తులు) ఎరుపు ఉండదు, జపాన్ విమానాల ఎర్ర సూర్యుడనుకుని సొంతవాళ్లే కాల్చేస్తారన్న భయంతో తీసేశారు. డికాల్ (మార్కింగ్‌ల స్టిక్కర్) వేసే ముందు ఇలాంటివి చూసుకోవాలి. మోడల్‌కి ప్రాణం పోసేది ఇదే, పైసా ఖర్చు లేదు.

అపోహ: పానెల్ లైన్లన్నీ (రేకులు కలిసే చోట గీతలు) నల్లగా కనబడాలి.

లెక్క వేయండి. 1/32లో అర మిల్లీమీటరు గీత అంటే అసలు విమానం మీద 16 మిల్లీమీటర్ల సందు. అంత సందుతో ఏ ఫైటరూ ఎగరదు. మస్టాంగ్ రెక్క ముందు భాగంలోనైతే ఫ్యాక్టరీలోనే సందులకి, రివెట్లకి పుట్టీ పెట్టి నున్నగా రుద్ది వెండి రంగు వేసేవారు. ఆ రెక్కకి నల్ల వాష్ (గీతల్లోకి దిగే పలచటి రంగు) పూస్తే చరిత్రే తప్పవుతుంది. గీతలకి, విమానానికి వేసిన రంగు కంటే ఒక మెట్టు ముదురు రంగు చాలు.

అపోహ: ఫలానా కంపెనీ రంగే కరెక్ట్ షేడ్.

ముందు సంవత్సరం చూడండి. 1941 ఆగస్టులో ఆర్‌ఏఎఫ్ తన డే ఫైటర్ల మీద డార్క్ ఎర్త్ బదులు ఓషన్ గ్రే తెచ్చింది. సంవత్సరం తప్పయితే షేడ్ ఎంత కరెక్టయినా దండగ. ఎండకి ఏ రంగైనా వెలుస్తుంది.

ఎయిర్‌బ్రష్ లేకపోతే? పలచగా కలిపి, ఆరనిచ్చి, కోటు మీద కోటు బ్రష్‌తో వేయండి. జిగురు ఎక్కువ పోస్తే గట్టిగా ఉంటుందా? ఉండదు, సిమెంట్ ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతుంది, ఎక్కువైతే ఆ చోటు మెత్తబడి కుంగిపోతుంది. లాకర్ క్లియర్ కోటు పాలలా తెల్లబడిందా? గాలిలో తేమ ఎక్కువున్న రోజు వేశారు, వాన తగ్గాక వేయండి.

"ఒకసారి అతికితే అంతే" అని భయపడేవాళ్లకి: రంగు కడిగేయవచ్చు, సందు పూడ్చవచ్చు, అతుకు విడదీసి మళ్లీ అతకవచ్చు. జాగ్రత్త అవసరమైంది క్యానపీ (కాక్‌పిట్ మీది అద్దపు మూత) దగ్గరే. ఫెవిక్విక్ రకం జిగురు వాడితే దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. తెల్ల ఫెవికాల్ రకం జిగురు వాడండి, ఎక్కువైతే తడి గుడ్డతో తుడిచేస్తే పోతుంది.