యార్-ఎ-వఫాదార్: బెరార్ కోసం బ్రిటిష్ యుద్ధాలకు ఖర్చు పెట్టిన నిజాం

1939 సెప్టెంబర్ 4. జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన మర్నాడే బ్రిటిష్ విమానాలు విల్‌హెల్మ్స్‌హాఫెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీద బాంబులు వేశాయి. ఆ దాడిలో ముందు నడిచిన 110వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. 1918లో దానికి విమానాలు కొనిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, అందుకే ఆ పేరు. మన ఊరి పేరుతో 152, 253 నంబర్ల స్క్వాడ్రన్లు కూడా ఉండేవి, 1940లో బ్రిటన్ ఆకాశంలో జర్మన్లతో తలపడ్డాయి.

ఇది నియంతృత్వం మీద ప్రజాస్వామ్యం చేస్తున్న యుద్ధమని లండన్ ఊరూవాడా చాటుకుంటోంది. అదే సమయంలో హైదరాబాద్‌లో నలుగురు కూడి సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సర్కారు అనుమతి కావాలి. స్టేట్ కాంగ్రెస్‌ను 1938లో పుట్టకముందే నిషేధించారు. వందేమాతరం పాడారని ఉస్మానియా విద్యార్థులను వెళ్లగొడితే చాలామంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తిచేసుకున్నారు. ఇవేవీ హైదరాబాద్‌లో బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంటు దొరకు తెలియనివి కావు. కోఠీలో కూర్చుని అన్నీ చూస్తూనే ఉన్నాడు.

ఈ పొత్తు మాట వస్తే మనవాళ్లు రెండు పార్టీలుగా చీలిపోతారు, ఒకరికి నిజాం బ్రిటిష్ తొత్తు, ఇంకొకరికి ప్రపంచయుద్ధాలకే విమానాలిచ్చిన మహారాజు. నన్నడిగితే ఆయన బ్రిటిష్ వాళ్లను నమ్మనూ లేదు, ప్రేమించనూ లేదు. ఆయన లెక్క చాలావరకు ఒక్క ముక్క నేల చుట్టూ తిరిగింది, అది బెరార్, ఇవాళ మహారాష్ట్రలో ఉన్న అమరావతి, అకోలా ప్రాంతం.

అసలు కథ 1798లో మొదలవుతుంది. అప్పటి నిజాం అలీ ఖాన్ దగ్గర ఫ్రెంచ్ అధికారుల కింద పెద్ద సైన్యం ఉండేది, మూసారాంబాగ్ దగ్గర సమాధి ఉన్న రేమండ్ తయారుచేసిన సైన్యమే అది. ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీతో సంధి చేసుకుని, దాన్ని రద్దుచేసి, ఇంగ్లిష్ పటాలాన్ని తెచ్చిపెట్టుకున్నాడు. మరుసటేడు టిప్పు మీద యుద్ధానికి సైన్యం పంపాడు. టిప్పు ఓడాక వాటాగా వచ్చిన నేలను 1800లో పటాలం ఖర్చుల కింద కంపెనీకే రాసిచ్చేశాడు. దత్తమండలాలు, అంటే ఇవాళ మనం రాయలసీమ అంటున్న ప్రాంతంలో చాలా భాగం, బళ్లారితో కలిపి అలా చేతులు మారినవే.

పటాలం ఖర్చు అక్కడితో ఆగలేదు. బాకీలు పేరుకుపోయాయని 1853లో బెరార్‌ను పట్టుకుపోయారు. మంచి పత్తి పండే నేల, ఆదాయం బాగా వచ్చే నేల. 1857లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని రెసిడెన్సీ మీద దాడి చేస్తే దివాన్ సాలార్‌జంగ్ బ్రిటిష్ పక్షాన గట్టిగా నిలబడ్డాడు. బహుమానంగా రాయచూరు, నల్‌దుర్గ్ తిరిగొచ్చాయి, 50 లక్షల బాకీ మాఫీ అయింది, బెరార్ మాత్రం రాలేదు. 1902లో వైస్రాయ్ కర్జన్ వచ్చి ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు అని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేత సంతకం పెట్టించుకుని ఆ తలుపు కూడా మూసేశాడు.

ఇక మొదటి ప్రపంచయుద్ధం. 1914 నవంబర్ నాటికి టర్కీ జర్మనీ వైపు చేరిపోయింది. టర్కీ సుల్తానే ఖలీఫా, ఆయన బ్రిటిష్ వాళ్ల మీద జిహాద్ ప్రకటించాడు. ఇండియాలో ముస్లింలు ఎటు తిరుగుతారోనని ఢిల్లీలో ఒకటే టెన్షన్. అప్పుడు దేశంలోకెల్లా పెద్ద ముస్లిం సంస్థానాధీశుడు, మన నిజాం, బ్రిటిష్ వారికి విధేయులుగా ఉండండని ముస్లింలకు పిలుపునిచ్చాడు. నా లెక్కలో ఆ ఒక్క ప్రకటన విమానాలన్నింటికంటే విలువైనది. డబ్బు ధారపోశాడు, హైదరాబాద్ లాన్సర్లను, అంటే గుర్రపు దళాన్ని, సూయజ్‌కీ పాలస్తీనాకీ, అంటే ఖలీఫా సైన్యం మీదికే, పంపాడు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ ముగ్గురు సైనికుల్లో ఒకడు హైదరాబాద్‌వాడే, మిగతా ఇద్దరు జోధ్‌పూర్, మైసూర్.

1918లో బిరుదులొచ్చాయి: హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్, యార్-ఎ-వఫాదార్. నమ్మకమైన మిత్రుడన్న మాట. మిత్రుడినే కదా అని 1923లో బెరార్ తిరిగివ్వమని ఉత్తరం రాశాడు, పైగా సమానుల మధ్య మాట్లాడినట్టు. వైస్రాయ్ లార్డ్ రీడింగ్ 1926 మార్చి 27న జవాబిచ్చాడు. ఇండియాలో బ్రిటిష్ సార్వభౌమత్వమే సర్వోన్నతం, ఏ సంస్థానాధీశుడూ సమానుడిగా బేరమాడలేడు అని, మొహమాటం లేకుండా. ఆ జవాబు ఉస్మాన్ అలీ ఖాన్‌కే కాదు, మిగతా రాజులందరికీ వినిపించడానికి రాసినట్టుంటుంది.

మధ్యలో ఇంకో విడ్డూరం. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయి ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ ఫ్రాన్స్‌లో తలదాచుకుంటే ఆయనకు నెలనెలా భరణం పంపింది ఈ నిజామే. 1931లో నీస్ నగరంలో ఖలీఫా కూతురు దుర్రుషెవార్‌ను పెద్దకొడుక్కీ, ఆమె బంధువు నీలోఫర్‌ను రెండో కొడుక్కీ చేసుకున్నాడు. పిల్లలకు జ్వరమొస్తే మనం పరిగెత్తే నీలోఫర్ హాస్పిటల్ పేరు ఆమెదే. ఖలీఫా సైన్యం మీదికి లాన్సర్లను పంపి రెండు దశాబ్దాలు నిండకముందే వియ్యమందాడు. 1936లో బ్రిటిష్ వాళ్లు కాస్త మెత్తబడి, నిజాం పేరు చివర ‘అండ్ బెరార్’ తగిలించారు, యువరాజును బెరార్ యువరాజు అన్నారు. పాలన మాత్రం ఎప్పటిలాగే బ్రిటిష్ వాళ్లదే.

రెండో ప్రపంచయుద్ధం ఖర్చు ఊళ్ల మీద పడింది. ఎకరాకు ఇంత అని లెవీ గల్లా వసూలు చేశారు. దొరల గాదెల జోలికి పోని అధికారులు చిన్న రైతు ఇంట్లో తిండిగింజలు కూడా కొలుచుకుపోయేవారు. వెట్టికి లెవీ తోడయింది, ఆంధ్ర మహాసభ ఊరూరా పాకింది. అవతల బ్రిటిష్ ఇండియాలో, సోవియట్లు మిత్రులయ్యారు కాబట్టి 1942లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. అదే పార్టీ ఇక్కడ 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య బలయ్యాక నిజాం మీద పోరాటానికి దిగింది. 1948 మే నెలలో ఢిల్లీ నుంచి ఒత్తిడి పెరిగేసరికి నిజాం సర్కారే కమ్యూనిస్టుల మీద నిషేధం ఎత్తేసింది! భారత్‌కు వ్యతిరేకంగా ఎవరు కలిసొచ్చినా పర్లేదనే ఎత్తు కాక మరేమిటి? ఊళ్లో మాత్రం ఏమీ మారలేదు, ఆ ఆగస్టు 27నే రజాకార్లు బైరాన్‌పల్లిలో జనాన్ని నిలబెట్టి కాల్చారు.

పాత మిత్రుడు అప్పటికే చేతులు దులుపుకున్నాడు. 1947లో డొమినియన్ హోదా, అంటే బ్రిటిష్ కామన్వెల్త్‌లో విడి దేశంగా గుర్తింపు, ఇమ్మని, సర్ వాల్టర్ మాంక్టన్ లాంటి పేరున్న లాయర్‌ను పెట్టుకుని మరీ అడిగితే, లండన్ కుదరదంది. 1948 జులైలో చర్చిల్ పార్లమెంటులో నిజాం తరఫున ఆవేశపడ్డాడు, కానీ అప్పుడాయన ప్రతిపక్షంలో ఉన్నాడు. ఐక్యరాజ్యసమితికి పంపిన ఫిర్యాదు 1948 సెప్టెంబర్ 16న భద్రతామండలి ముందుకొచ్చింది, మర్నాడే నిజాం లొంగిపోయాడు.

కొత్త ప్రజాస్వామ్యం కూడా ఆయన్ను వదులుకోలేదు. 1950 జనవరి 26 నుంచి ఆయనే రాజ్‌ప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి పదవి. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి మరాఠ్వాడాను బొంబాయి రాష్ట్రంలో కలిపారు. అదే రోజు మధ్యప్రదేశ్ నుంచి విడదీసి బెరార్‌నూ అదే బొంబాయి రాష్ట్రంలో కలిపేశారు.