టొయోటా ఇండస్ట్రీస్ ధర పేచీ: బీజం 2023 మార్చిలోనే పడింది

సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లు తయారుచేసే జపాన్ కంపెనీ టొయోటా ఇండస్ట్రీస్ షేర్లన్నీ కొనేసి, కంపెనీని స్టాక్ మార్కెట్ నుంచి తప్పించాలన్న టొయోటా గ్రూపు ప్రయత్నం మళ్లీ రచ్చకెక్కింది. 2026 జనవరి 14న గ్రూపు తన ఆఫర్‌ను షేరుకు 16,300 యెన్‌ల నుంచి 18,800 యెన్‌లకు పెంచింది. కంపెనీలో 5 శాతానికి పైగా వాటా ఉన్న అమెరికా ఫండ్ ఎలియట్ మేనేజ్‌మెంట్ ఆ ధర కూడా చాలదంది. తమ లెక్క ప్రకారం షేరు విలువ 26 వేల యెన్‌లకు పైనే అంది. రెండు అంకెల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మరీ వెనక్కి అక్కర్లేదు. 1989 నాటి జపాన్ షేర్ల ధరల బుడగ, ఆ తర్వాతి మూడు దశాబ్దాల స్తబ్ధత, వారెన్ బఫెట్ అక్కడి ఐదు భారీ వ్యాపార సంస్థల్లో (ట్రేడింగ్ హౌస్‌లలో) వాటాలు కొన్న వైనం అందరికీ తెలిసినవే.

చూడాల్సింది 2023 మార్చి 31ని. ఆ రోజు టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్ తన ప్రైమ్ (పెద్ద కంపెనీలది), స్టాండర్డ్ (మధ్యస్థాయి కంపెనీలది) విభాగాల్లోని కంపెనీలన్నిటికీ ఒక వినతి పంపింది. మూలధనానికి అయ్యే ఖర్చునూ, షేరు ధరనూ దృష్టిలో పెట్టుకుని కంపెనీని నడపండి, అందుకు ఏం చేస్తారో కాగితం మీద పెట్టండి అన్నది దాని సారాంశం. అందుకు తగ్గ కారణమూ ఉంది. అప్పట్లో ప్రైమ్‌లో దాదాపు సగం కంపెనీలకు, స్టాండర్డ్‌లో సుమారు 60 శాతానికి ఈక్విటీపై రాబడి, అంటే వాటాదారుల సొమ్ము మీద వచ్చే లాభం, 8 శాతం లోపే. వాటి షేరు ధర పుస్తక విలువ కన్నా తక్కువ. అంటే కంపెనీని ఈ రోజే మూసేసి, ఆస్తులు అమ్మి, అప్పులు తీర్చేస్తే వాటాదారు చేతికి వచ్చేది షేరు ధర కన్నా ఎక్కువన్నమాట, కనీసం పద్దుల ప్రకారం.

చవక షేర్లు వెతికి కొనే వాల్యూ ఇన్వెస్టర్లకు ఇంతకన్నా విందు ఏముంటుందని అనిపిస్తుంది. కానీ ఆ విస్తరి ముందు కూర్చున్నవాళ్లు చాలామంది ఆకలితోనే లేచారు. షేరు చవగ్గా ఉండటం ఒక ఎత్తు, ఆ విలువ ఎప్పటికైనా బయటికి రావడం మరో ఎత్తు. జపాన్ కంపెనీలు ఒకదాని వాటాలు మరొకటి పట్టుకుని కూర్చునేవి. బ్యాంకు, సరఫరాదారు, కొనుగోలుదారు అందరూ ఒకరికొకరు వాటాదారులే. బయటివాడు ఎంత కొన్నా ఓటింగ్‌లో నెగ్గలేడు. 1989లో అమెరికా చమురు వ్యాపారి టి. బూన్ పికెన్స్ కారు దీపాలు తయారుచేసే కోయిటో కంపెనీలో 20 శాతం కొని అతిపెద్ద వాటాదారు అయ్యాడు. బోర్డులో చోటడిగితే ఇవ్వలేదు. అతని కన్నా కాస్త తక్కువ వాటా ఉన్న టొయోటాకు మాత్రం బోర్డులో మనుషులున్నారు. 1991లో విసుగెత్తి అమ్ముకుని వెళ్లిపోయాడు. ఇప్పటి గొడవలోనూ టొయోటాయే ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు.

2007లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. టోన్‌కట్సు మీద పోసుకునే సాస్ తయారుచేసే బుల్‌డాగ్ అనే చిన్న కంపెనీకి అమెరికా ఫండ్ స్టీల్ పార్ట్‌నర్స్ వాటాదారులందరి షేర్లూ కొంటామని ఓపెన్ ఆఫర్ ఇచ్చింది. కంపెనీ ప్రతి షేరుకూ మూడు వారంట్లు (కొత్త షేర్లు పొందే హక్కు పత్రాలు) పంచింది, స్టీల్‌కు మాత్రం వాటిని షేర్లుగా మార్చుకునే హక్కు లేకుండా చేసి బదులుగా నగదు చేతిలో పెట్టింది. పది శాతం పైనున్న స్టీల్ వాటా మూడు శాతం లోపుకు పడిపోయింది. వాటాదారుల సమావేశంలో 80 శాతానికి పైగా దీన్ని సమర్థించారు. టోక్యో హైకోర్టు స్టీల్‌ను దురుద్దేశంతో వచ్చిన కొనుగోలుదారు అంది. ఆగస్టులో సుప్రీంకోర్టు కంపెనీ వైపే నిలిచింది. ఆ తర్వాత చాలా ఏళ్లు జపాన్ చవక షేర్ల జోలికి వెళ్లడమంటే ఓపిక ఉన్నవాళ్లకే తప్ప తెగువ ఉన్నవాళ్లకు పనికిరాని వ్యవహారమైంది.

2014లో సంస్థాగత మదుపరులకు స్టీవర్డ్‌షిప్ కోడ్ (వాటా ఉన్న కంపెనీలను ఎలా పట్టించుకోవాలో చెప్పేది), 2015లో కంపెనీలకు కార్పొరేట్ గవర్నెన్స్ కోడ్ (కంపెనీని ఎలా నడపాలో చెప్పేది) వచ్చాయి. రెండూ మంచివే, రెండూ మర్యాదగా పక్కన పెట్టేయగలిగినవే. 2023 వినతికి కూడా శిక్ష అంటూ లేదు. అయితే 2024 జనవరి నుంచి ఎక్స్ఛేంజ్ ఒక జాబితా పెట్టడం మొదలెట్టింది. ప్రణాళిక వెల్లడించిన కంపెనీల పేర్లు అందులో ఉంటాయి. పేరు లేనివాళ్లెవరో వేరే చెప్పక్కర్లేదు. తోటి కంపెనీల ముందు తల దించుకోవాల్సి రావడం అక్కడ జరిమానా కన్నా బాగా పనిచేసింది. వినతి రాబోతోందని తెలిసిన దగ్గర్నుంచే కదలిక కనిపించింది. 1876లో పుట్టిన డాయ్ నిప్పన్ ప్రింటింగ్‌లో ఎలియట్ వాటా కొన్నదన్న వార్త 2023 జనవరిలో వచ్చింది. ఫిబ్రవరిలో ఆ కంపెనీ షేరు ధరను పుస్తక విలువ దాటిస్తామంది. ఆపై తన షేర్లను తానే తిరిగి కొనేందుకు 30 వేల కోట్ల యెన్‌ల బైబ్యాక్ ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ కొత్త టేకోవర్ మార్గదర్శకాలు తెచ్చింది. నిజాయితీ గల ఆఫర్ వస్తే బోర్డు దాన్ని మనస్ఫూర్తిగా పరిశీలించాల్సిందే అంది. బుల్‌డాగ్ నాటి రోజులకు, దీనికి ఎంత దూరమో!

ఇప్పటి పేచీ మొలకెత్తింది సరిగ్గా ఇక్కడే. షేరు చవగ్గా ఉండకూడదని ఎక్స్ఛేంజ్ చెప్పింది కానీ, ఆ చవక పోయినప్పుడు లాభం ఎవరికి వెళ్లాలో చెప్పలేదు. షేరు ధర పెంచుకోవడం ఒక దారి. అసలు షేరు అనేదే లేకుండా చేసుకోవడం ఇంకో దారి. 2023 నవంబరులో తైషో ఫార్మాస్యూటికల్‌ను ఉయెహారా కుటుంబం షేరుకు 8,620 యెన్‌లు ఇచ్చి సొంతం చేసుకుంటానంది. మార్కెట్ ధర మీద చూస్తే ప్రీమియం సగానికి పైనే. పుస్తక విలువతో పోలిస్తే మాత్రం తక్కువ. వినతి లేవనెత్తిన తప్పునే ఆ కుటుంబం కొనుగోలు ధరగా వాడుకుంది. మార్కెట్ మాత్రం ఆగలేదు. 1989 నాటి గరిష్ఠాన్ని జపాన్ ప్రధాన షేర్ల సూచీ నిక్కీ 2024 ఫిబ్రవరిలో, 50 వేల మార్కును 2025 అక్టోబరులో దాటింది. చవక షేర్లు అరుదవుతున్నకొద్దీ, మిగిలిన వాటి ధర దగ్గర బేరం గట్టిపడుతోంది.

టొయోటా ఇండస్ట్రీస్‌ది అందులో పెద్ద ఉదాహరణ. 1926లో సకిచీ టొయోడా మగ్గాల తయారీకి పెట్టిన కంపెనీ ఇది. టొయోటా మోటార్ దీని ఆటోమొబైల్ విభాగం నుంచే 1937లో విడిపోయింది. ఇప్పుడు ఫోర్క్‌లిఫ్ట్‌లలో ప్రపంచంలోనే మొదటి స్థానం దీనిది. 2025లో ఆఫర్ వచ్చేనాటికి దీనికి టొయోటా మోటార్‌లో సుమారు 9 శాతం వాటా ఉండేది. ఇందులో టొయోటా మోటార్‌కు 24 శాతం పైచిలుకు ఉండేది. 2025 జూన్ 3న ఆఫర్ ప్రకటించినప్పుడు మొత్తం ఒప్పందం విలువ 4.7 లక్షల కోట్ల యెన్‌లు అన్నారు. చేతిలో ఉన్న టొయోటా మోటార్ షేర్లే అప్పటి ధరకు సుమారు 3 లక్షల కోట్లు. ఇక మిగిలింది ఫోర్క్‌లిఫ్ట్‌లు, కార్ల ఏసీ కంప్రెసర్లు, ఇంజిన్లు, డెన్సో, ఐసిన్ వంటి కారు విడిభాగాల కంపెనీల్లో వాటాలు. అప్పులు, వాటాలు అమ్మితే పడే పన్ను తీసేసినా ఇవన్నీ ఇంత తక్కువకు పోతాయా అన్నదే మైనారిటీ వాటాదారుల వాదన. పైగా ఆఫర్ ప్రకటించిన రోజు షేరు ముగింపు ధర సుమారు 18,400 యెన్‌లు. అంటే సంతలో దొరికే ధర కన్నా తక్కువకు అడిగారు. ఆ తర్వాత టొయోటా మోటార్ షేరు పెరుగుతూ పోయింది, 16,300 మాత్రం ఏడు నెలలకు పైగా కదల్లేదు.

గ్రూపు వైపు జవాబు ఇది: కొనుగోలు వార్త బయటికి రాకముందు, ఏప్రిల్ 25న షేరు 13,225 యెన్‌లు, దానిమీద 23 శాతం ఎక్కువే ఇచ్చాం. మూడు నెలలకోసారి ఫలితాల ఒత్తిడి లేకుండా దీర్ఘకాలిక పెట్టుబడులు పెట్టుకోవాలంటే కంపెనీ మార్కెట్ బయట ఉండాలి. కొనుగోలును ముందుండి నడిపించింది ఎక్స్ఛేంజ్‌లో లేని టొయోటా ఫుడోసాన్ అనే గ్రూపు స్థిరాస్తి కంపెనీ. టొయోటా మోటార్ చైర్మన్ ఆకియో టొయోడా సొంతంగా పెడతానన్నది 100 కోట్ల యెన్‌లు. లక్షల కోట్ల లావాదేవీలో ఆ సంఖ్య చిన్నదే. పట్టు మాత్రం చిన్నది కాదు.

మన వాళ్లకు ఇందులో పనేముందంటే, అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారి రిటైర్మెంట్ ఖాతాల్లో అంతర్జాతీయ ఇండెక్స్ ఫండ్ ఒకటి మామూలుగా ఉంటుంది. అమెరికా, కెనడాలను వదిలి అభివృద్ధి చెందిన దేశాలను లెక్కించే ప్రధాన సూచీలో జపాన్ వాటా ఐదో వంతుకు పైనే. భారత్ నుంచి మదుపు చేసేవాళ్లకు మ్యూచువల్ ఫండ్ల విదేశీ పెట్టుబడుల మీద 700 కోట్ల డాలర్ల పరిమితి ఎప్పుడూ అడ్డే. అయినా మన పద్ధతితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. భారత్‌లో డీలిస్టింగ్ (కంపెనీని మార్కెట్ నుంచి తప్పించడం) అంటే రివర్స్ బుక్ బిల్డింగ్ అనే వేలంలో ధర చెప్పేది పబ్లిక్ వాటాదారులే, అది కుదరాలంటే ప్రమోటర్ వాటా 90 శాతానికి చేరాలి. 2024లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ స్థిర ధర పద్ధతికి వీలు కల్పించినా, నిబంధనల ప్రకారం లెక్కగట్టే కనీస (ఫ్లోర్) ధర మీద కనీసం 15 శాతం ప్రీమియం ఇవ్వాలని షరతు పెట్టింది.

జపాన్‌లో అలా కాదు. అక్కడ ఓట్లలో మూడింట రెండొంతులు దక్కితే చాలు, మిగిలినవాళ్లను అదే ధరకు బలవంతంగా బయటికి పంపొచ్చు. ఈ ఆఫర్ నెగ్గడానికి కనీసం 42 శాతం షేర్లు రావాలని షరతు పెట్టుకోవడం అందుకే: టొయోటా మోటార్ దగ్గరున్న 24 శాతం పైచిలుకుతో కలిపితే ఆ మూడింట రెండొంతుల గీత అందుతుంది. ఆ 42 శాతంలోకి డెన్సో, ఐసిన్, టొయోటా సుషో వంటి గ్రూపు కంపెనీల షేర్లూ వస్తాయి. టొయోటాతో సంబంధం లేని మైనారిటీ ఆమోదాన్ని లెక్కించేటప్పుడు కూడా వాటిని కలపడం మీదే విమర్శకుల ప్రధాన అభ్యంతరం.

షేర్లు ఇవ్వకుండా భీష్మించుకున్నవాళ్లకు మిగిలేది కోర్టు. 2016లో జూపిటర్ టెలికమ్యూనికేషన్స్ కేసులో సుప్రీంకోర్టు, ప్రక్రియ న్యాయంగా జరిగితే ఆఫర్ ధరనే సరైన ధరగా ఒప్పుకుంటామని చెప్పింది. ప్రక్రియ న్యాయంగా లేకపోతే ఏమవుతుందో దుకాణాల గొలుసు సంస్థ ఫ్యామిలీమార్ట్ కేసులో తేలింది. ఇతోచు అనే ట్రేడింగ్ హౌస్ 2020లో షేరుకు 2,300 యెన్‌లు ఇచ్చి దాన్ని మార్కెట్ నుంచి తప్పించింది. వాటాదారులు కోర్టుకెక్కారు. టోక్యో జిల్లా కోర్టు సరైన ధర 2,600 యెన్‌లు అని తేల్చింది. ఆ తీర్పు వచ్చింది 2023 మార్చిలోనే, ఎక్స్ఛేంజ్ వినతి వెలువడిన నెలలోనే.