మచ్, మెనీ, ఫ్యూ, లిటిల్: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో డిగ్రీ పిల్లలకు, ఉద్యోగాల కోసం చదివేవాళ్ళకు ఇంగ్లీషు గ్రామరు చెబుతుంటాను. ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి ఏటా అవే అపోహలు.

అపోహ: లెక్కపెట్టగలిగినదంతా కౌంటబుల్, అంటే మెనీ వాడే మాట.

"డబ్బులు లెక్కపెడతాం కదా సార్, మెనీ మనీ ఎందుకు తప్పు?" అని అడగని బ్యాచ్ లేదు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ చూడాల్సింది వస్తువును కాదు, మాటను. వన్ రూపీ, టూ రూపీస్ అంటాం కాబట్టి మెనీ రూపీస్. వన్ మనీ, టూ మనీ అనం, అందుకే మచ్ మనీ. బుడ్డలు పీనట్స్, మెనీ. బియ్యం రైస్, మచ్. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ కూడా బియ్యం జట్టే. వీటి చివర ఎస్ చేర్చొద్దు.

మన ఉల్లిగడ్డ సంగతి చూడండి. మార్కెట్ యార్డులో గడ్డలుగా ఉన్నంతసేపు మెనీ ఆనియన్స్. తరిగి కూరలో వేశాక టూ మచ్ ఆనియన్. మాట ఒకటే, చూపు మారింది.

అపోహ: తెలుగులో ఈ తేడా లేదు.

ఎందుకు లేదు? ఎన్ని గడ్డలు, ఎంత ఉప్పు, కొన్ని, కొంత. బడికి పోకముందే వచ్చిన విద్య ఇది. చిక్కల్లా పాలు, నీళ్ళతోనే. "పాలు విరిగిపోయాయి" అని బహువచనంలో అంటాం కాబట్టి మెనీ మిల్క్ అని నోటికొస్తుంది. అక్కడ మాత్రం తెలుగు చెవిని నమ్మకండి.

అపోహ: లిటిల్ అన్నా, ఎ లిటిల్ అన్నా ఒకటే.

ఈ అపోహ ఉద్యోగం దాకా వచ్చి దెబ్బకొడుతుంది. మాక్ ఇంటర్వ్యూలో ఒకమ్మాయి "ఐ హావ్ లిటిల్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ ట్యాలీ" అంది. ఆరు నెలలు ఒక షాపులో లెక్కలు రాసిన పిల్ల! ఆమె మనసులో ఉన్నది "కొంత అనుభవం ఉంది సార్" అని. ఎదుటివాళ్ళకు వినపడేది "అనుభవం పెద్దగా లేదు" అని. ముందు ఎ పెట్టించి పదిసార్లు పలికించాను. ఫ్యూ, ఎ ఫ్యూ కూడా అంతే.

అపోహ: కౌంటబుల్ మాటల దగ్గర లెస్ వాడితే తప్పే.

1770లో ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన రాబర్ట్ బేకర్ అనే ఆయన ఇలాంటిచోట లెస్ బదులు ఫ్యూయర్ అంటే బాగుంటుందని తన ఇష్టంగా రాశాడు. తర్వాతివాళ్ళు దాన్ని శాసనం చేశారు. దూరం, కాలం, డబ్బు చెప్పేటప్పుడు లెస్సే సహజం: లెస్ దేన్ ఫైవ్ అవర్స్, లెస్ దేన్ హండ్రెడ్ రూపీస్. పరీక్షలో స్టూడెంట్స్, బుక్స్ లాంటివి వస్తే మాత్రం ఫ్యూయర్ రాయండి, మార్కు పోదు.